గుమాస్తా, ఆఫీసరు, మళ్లీ గుమాస్తా: ఆర్.సి. షెరిఫ్ జీవితం మన ముందు పెట్టే ప్రశ్నలు

దళిత విద్యార్థి ఏదైనా ఇంటర్వ్యూకు పోతే అతనికి ఏం వచ్చు అని ముందుగా ఎవరూ అడగరు. ఏ ఊరు, ఏ స్కూలు, నాన్న ఏం చేస్తాడు అని అడుగుతారు. ఈ మూడింటికి జవాబు వచ్చేసరికి అవతలివాళ్ల లెక్క పూర్తయిపోతుంది. తర్వాత అడిగేదంతా లాంఛనమే. దీనికే మెరిట్ అని పేరు. ఈ మెరిట్ ఎట్లా తయారవుతుంది, అవసరం వచ్చినప్పుడు ఎట్లా సాగుతుంది, అవసరం తీరాక ఎట్లా కుంచించుకుపోతుంది అన్నది అర్థం కావాలంటే మన దేశం ఒక్కటే చూస్తే చాలదు. మనల్ని ఏలిన ఇంగ్లీషువాళ్లు తమ సొంత మనుషుల్ని ఎట్లా ఏరుకున్నారో కూడా చూడాలి.

అందుకే ఈ వ్యాసంలో ఒక ఇంగ్లీషు గుమాస్తా జీవితాన్ని తీసుకుంటున్నాను. పేరు రాబర్ట్ సెడ్రిక్ షెరిఫ్. లండన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ గుమాస్తా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫీసరై కెప్టెన్ దాకా ఎదిగాడు. యుద్ధం అయిపోయాక మళ్లీ ఇన్సూరెన్స్ పనికే వచ్చాడు. 1928లో 'జర్నీస్ ఎండ్' అనే నాటకంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్లకు ఆయన యుద్ధ నాటకకర్త. మనకు మాత్రం ఆయన జీవితంలో చూడాల్సింది ఇంకొకటి ఉంది. తనను గడప దగ్గర ఆపినవాళ్లను ఆయన తర్వాత తన నాటకంలో ఏ స్థానంలో కూర్చోబెట్టాడు అన్నది.

ఆఫీసరు అంటే ఎవరు?

బ్రిటిష్ పదాతి దళంలో, గుర్రపు దళంలో 1871 దాకా ఆఫీసరు పదవిని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు. కెప్టెన్‌కు ఒక ధర, లెఫ్టినెంట్ కల్నల్‌కు ఒక ధర. 1871లో ఈ అమ్మకం రద్దయింది. కాగితం మీద తలుపు అందరికీ తెరుచుకున్నట్టే. కాని ఆఫీసరు జీతంతో ఆఫీసరులా బతకడం సాధ్యం కాదు. యూనిఫారం సొంత ఖర్చు, మెస్సు బిల్లు సొంత ఖర్చు, వేటలు, విందులు సొంత ఖర్చు. మామూలు పదాతి రెజిమెంటులో కూడా ఏడాదికి వంద పౌన్లకు పైగా ఇంటి నుంచి రావాల్సిందే. గుర్రపు దళంలో అయితే దానికి ఎన్నో రెట్లు. ఇట్లా కొనుగోలు పోయినా కొనగలిగినవాళ్లే మిగిలారు.

రెండో జల్లెడ స్కూలు. ఇంగ్లండులో ఈటన్, హారో, వించెస్టర్ లాంటి వాటిని 'పబ్లిక్ స్కూళ్లు' అంటారు. పేరుకు పబ్లిక్కే గాని పబ్లిక్‌కు అందులో చోటు లేదు. పెద్ద ఫీజులు కట్టగలిగిన భూస్వాముల, వ్యాపారుల, ఉన్నతోద్యోగుల పిల్లలు హాస్టల్లో ఉండి చదివే స్కూళ్లు అవి. అక్కడ లాటిను నేర్పుతారు, క్రికెట్టు నేర్పుతారు, అన్నిటికంటే ముఖ్యంగా ఆజ్ఞాపించడం తమ జన్మహక్కు అన్న నమ్మకం నేర్పుతారు. ఆ యాస, ఆ నడక, ఆ నమ్మకం కలిపితే 'జెంటిల్మన్'. ఆఫీసరు జెంటిల్మన్ అయి ఉండాలి అన్నది రాయని చట్టం.

1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సైన్యంలో రెగ్యులర్ ఆఫీసర్లు సుమారు 12,700 మంది. యుద్ధ మంత్రి కిచెనర్ కొత్త సైన్యానికి పిలుపిచ్చాక లక్షల మంది జవాన్లు చేరారు. వాళ్లను నడపడానికి వేలమంది కొత్త ఆఫీసర్లు కావాలి. ఎవర్ని తీసుకోవాలి?

జాబితాలో లేని స్కూలు

షెరిఫ్ 1896 జూన్ 6న లండన్ శివార్లలో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న హాంప్టన్ విక్‌లో పుట్టాడు. తండ్రి కూడా ఇన్సూరెన్స్ ఆఫీసు గుమాస్తానే. పస్తులున్న కుటుంబం కాదు, అట్లాగని కలిగిన కుటుంబమూ కాదు. నదికి అవతలి ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్ గ్రామర్ స్కూల్లో చదివాడు. అది రోజూ ఇంటి నుంచి పోయి వచ్చే స్కూలు. ఆటల్లో, పడవ పందాల్లో ముందుండేవాడు. 1913లో స్కూలు వదిలి, తర్వాతి ఏడు సన్ ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తాగా చేరాడు. తండ్రి దారే కొడుకు దారి.

యుద్ధం రాగానే ఆఫీసరు హోదాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అప్పుడు జరిగింది ఆయనే చాలా ఏళ్ల తర్వాత, 1968లో అచ్చయిన ఒక వ్యాసంలో రాశాడు. కుర్రాళ్లంతా వరసలో నిలబడ్డారు. బల్ల వెనక కూర్చున్న సైనికాధికారి ఒక్కొక్కర్ని అడుగుతున్నాడు: ఏ స్కూలు? ముందున్న అబ్బాయి పేరున్న పబ్లిక్ స్కూలు పేరు చెప్పాడు. అధికారి ముఖం వెలిగింది, అతని పని అయిపోయింది. షెరిఫ్ వంతు వచ్చింది. తన స్కూలు పేరు చెప్పాడు. అధికారి ముఖం మారింది. చేతిలో ఉన్న అచ్చు జాబితా తిరగేశాడు. అందులో ఆ స్కూలు లేదు. మాది మంచి స్కూలేనండీ, ఎలిజబెత్ రాణి కాలంనాటిది అని షెరిఫ్ చెప్పుకున్నాడు. లాభం లేకపోయింది. గుర్తింపు ఉన్న పబ్లిక్ స్కూళ్ల నుంచి మాత్రమే తీసుకోమని ఉత్తర్వులున్నాయి, ఆ జాబితాలో నీ స్కూలు లేదు, అంతే.

ఈ ఘట్టంలో అధికారి కోపంగా మాట్లాడలేదు. తిట్టలేదు. విచారం కూడా ప్రకటించాడు. మినహాయింపు అన్నది చాలాసార్లు ఇంత మర్యాదగానే జరుగుతుంది. ఆ కుర్రాడికి తుపాకి కాల్చడం వచ్చా, మనుషుల్ని కలుపుకుపోవడం వచ్చా అని అక్కడ ఎవరూ పరీక్షించలేదు. పరీక్ష ఎప్పుడో, అతను పుట్టిన ఇంట్లోనే అయిపోయింది.

అవసరం తెరిచిన తలుపు

పబ్లిక్ స్కూలు కుర్రాళ్లు జాబితా ప్రకారం ఆఫీసర్లయ్యారు, జాబితా ప్రకారమే చనిపోయారు. కందకంలోంచి అందరికంటే ముందు పైకెక్కేది జూనియర్ ఆఫీసరే కాబట్టి వాళ్ల చావులు జవాన్ల చావుల కంటే నిష్పత్తిలో ఎక్కువ. 1915 చివరికి ఆ స్కూళ్లు ఇవ్వగలిగిన మనుషులు సరిపోకుండా పోయారు. 1916 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం ఆఫీసర్ క్యాడెట్ బెటాలియన్లు పెట్టింది. జవానుగా పనిచేసినవాళ్లలోంచి పనికొచ్చేవాళ్లను ఏరి, నాలుగు నెలలపాటు శిక్షణ ఇచ్చి ఆఫీసరు చెయ్యడం అన్నమాట. నిన్నటిదాకా పుట్టుకతో వచ్చే గుణం అని చెప్పింది నాలుగు నెలల్లో నేర్పగలిగే విద్య అయిపోయింది. ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

షెరిఫ్ 1915లో ఆర్టిస్ట్స్ రైఫిల్స్ అనే దళంలో మామూలు సైనికుడిగా చేరాడు. అక్కడి నుంచి శిక్షణ పొంది, 1916లో ఈస్ట్ సర్రే రెజిమెంటు తొమ్మిదో బెటాలియన్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. ఫ్రాన్సులో విమీ ప్రాంతంలో, లూస్ దగ్గర కందకాల్లో పనిచేశాడు. 1917 ఆగస్టు మొదట్లో బెల్జియంలో పాషెన్‌డేల్ యుద్ధంలో గాయపడి ఇంగ్లండు చేరాడు. ఆ ఆస్పత్రి తర్వాత మళ్లీ యుద్ధరంగానికి పోలేదు. కెప్టెన్ హోదాతో సైన్యం నుంచి బయటికి వచ్చాడు.

యుద్ధకాలం మొత్తంలో బ్రిటిష్ సైన్యం ఇచ్చిన ఆఫీసరు హోదాలు 2 లక్షల 29 వేల దాకా ఉన్నాయి. బ్యాంకు గుమాస్తాలు, ఇన్సూరెన్స్ గుమాస్తాలు, బడిపంతుళ్లు, దుకాణాల్లో పనిచేసినవాళ్లు, గని కార్మికులు కూడా ఆఫీసర్లయ్యారు. వీళ్లు యుద్ధం నడిపారు, గెలిపించారు. వీళ్లకు పాత ఆఫీసర్లు పెట్టిన పేరు 'టెంపరరీ జెంటిల్మన్', అంటే తాత్కాలిక పెద్దమనిషి. హోదా కాగితం మీద ఉన్న 'తాత్కాలిక' అన్న మాటను తీసి మనిషికి తగిలించారు. ఫోర్కు ఎట్లా పట్టుకోవాలి, మెస్సులో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అని కూడా శిక్షణలో చెప్పేవాళ్లు. గుమాస్తా ఆఫీసరు నోరు తెరిస్తే యాస పట్టిచ్చేది. యూనివర్సిటీ క్యాంటీన్లో మన మాట విని పక్క బల్ల దగ్గర నవ్వుకునేవాళ్లను ఎరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. అక్కడ పాఠం కంటే ముందు నేర్చుకున్నది ఎక్కడ నోరు మూసుకోవాలో.

ఈ జల్లెడ కింద ఇంకో జల్లెడ ఉందని మరిచిపోకూడదు. గుమాస్తాలకు తలుపు తెరిచినా, 1914నాటి సైనిక చట్టం మాన్యువల్ నల్లజాతివాళ్లను ఆఫీసర్లు కాకుండా దూరం పెట్టింది. బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి కొడుకు, అనాథాశ్రమంలో పెరిగిన ఫుట్‌బాల్ ఆటగాడు వాల్టర్ టల్ ఆ అడ్డు దాటి 1917 మే 30న ఆఫీసరయ్యాడు. 1918 మార్చి 25న ఫ్రాన్సులో చనిపోయాడు. శవం దొరకలేదు. 'జర్నీస్ ఎండ్' కథ నడిచేది ఆ నెలలోనే, మార్చి 18 నుంచి 21 దాకా. టల్‌ను చంపిన జర్మన్ దాడి మొదలయ్యే రోజుతోనే నాటకం ముగుస్తుంది. ఆ నాటకంలో టల్ లాంటివాడు ఎక్కడా లేడు.

నాటకంలో ఎవరు ఎక్కడ?

యుద్ధం అయిపోయింది. తాత్కాలిక పెద్దమనుషుల కాలపరిమితి కూడా అయిపోయింది. వందమంది సైనికులకు ఆజ్ఞలిచ్చినవాళ్లు పాత కుర్చీల్లోకి, కొందరైతే నిరుద్యోగంలోకి పోయారు. కెప్టెన్ షెరిఫ్ సన్ ఇన్సూరెన్స్‌లో నష్టపరిహారం కేసులు పరిశీలించే పనిలో 1928 దాకా ఉన్నాడు. ఖాళీ సమయంలో తన పడవల క్లబ్బుకు విరాళాలు పోగుచేయడానికి చిన్న చిన్న నాటకాలు రాసేవాడు. అట్లా చెయ్యి తిరిగాక రాసిందే 'జర్నీస్ ఎండ్'. ఆడపాత్ర లేదని, యుద్ధం ఎవడికి కావాలని నాటక కంపెనీలు తిప్పికొట్టాయి. చివరికి 1928 డిసెంబరులో లండన్‌లో స్టేజ్ సొసైటీ రెండు ప్రదర్శనలు వేసింది. లారెన్స్ ఒలివియర్ ప్రధాన పాత్ర వేశాడు. దర్శకుడు జేమ్స్ వేల్ కూడా కార్మిక కుటుంబం నుంచి యుద్ధంలో ఆఫీసరైనవాడే. 1929 జనవరి 21న సవాయ్ థియేటర్లో మొదలయ్యాక ఇక వెనక్కి చూడలేదు.

ఇప్పుడు నాటకంలోకి పోదాం. ఒక కందకం, అందులో ఐదుగురు ఆఫీసర్లు. కథానాయకుడు కెప్టెన్ స్టాన్‌హోప్. ఇరవయ్యొక్కేళ్లవాడు, మూడేళ్లుగా యుద్ధంలో నలిగి, విస్కీ తాగకుండా నిలబడలేని స్థితికి వచ్చినవాడు. కాని గొప్ప నాయకుడు. పబ్లిక్ స్కూలు మనిషి. అదే స్కూలు నుంచి కొత్తగా వచ్చిన రాలీ అతన్ని దేవుడిలా చూస్తాడు. రాలీ ఆ కంపెనీలోకే ఎట్లా వచ్చాడు? వాళ్ల మామయ్య జనరల్. ఆయన దగ్గరికి పోయి చెప్పుకున్నాడు. మన భాషలో పైరవీ. నాటకంలో అది తప్పుగా కనిపించదు, అమాయకమైన ప్రేమగా కనిపిస్తుంది. మూడోవాడు ఆస్‌బోర్న్, పబ్లిక్ స్కూలు మాస్టరు, ఒకప్పుడు ఇంగ్లండు రగ్బీ ఆటగాడు, అందరూ గౌరవించే పెద్దాయన. నాలుగోవాడు హిబర్ట్, నరాలు తెగి పారిపోవాలని చూసేవాడు.

ఐదోవాడు ట్రాటర్. జవానుగా చేరి ఆఫీసరైనవాడు. లావుగా ఉంటాడు. ఎప్పుడూ తిండి గోలే. మాటలో యాస. ప్రేక్షకులు నవ్వేది ఇతన్ని చూసే. స్టాన్‌హోప్ దృష్టిలో ట్రాటర్‌కు ఊహాశక్తి లేదు కాబట్టి బాధ కూడా లేదు.

షెరిఫ్‌ను తిప్పి పంపింది స్టాన్‌హోప్ ప్రపంచం. షెరిఫ్ నడిచి వచ్చిన దారి ట్రాటర్ దారి. అయినా షెరిఫ్ విషాదాన్ని స్టాన్‌హోప్‌కు ఇచ్చాడు, ట్రాటర్‌కు నవ్వులాట ఇచ్చాడు. గొప్ప దుఃఖానికి అర్హత కూడా పెద్ద స్కూలువాళ్లదే అని, ఆ గడప దాటలేకపోయినవాడే ఒప్పుకున్నాడు. 1968నాటి వ్యాసంలో కూడా ఆయన ఆ జాబితాను పూర్తిగా తప్పుపట్టలేదు. మోటు పద్ధతే కాని ఆ అత్యవసరంలో వేరే దారి లేదన్నట్టు రాశాడు. పబ్లిక్ స్కూలు ఆఫీసర్ల నాయకత్వాన్ని మెచ్చుకున్నాడు. పేరు, డబ్బు వచ్చాక 1931లో, ముప్పయ్యైదేళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో విద్యార్థిగా చేరాడు. డిగ్రీ పూర్తి కాలేదు. హాలీవుడ్‌లో ఆయన స్క్రీన్‌ప్లే రాసినవాళ్లలో ఒకడిగా పేరు పడ్డ 'గుడ్‌బై, మిస్టర్ చిప్స్' (1939) ఒక పబ్లిక్ స్కూలు మాస్టరు మీద ప్రేమగాథ. మూసిన తలుపు ముందు మనిషి జీవితాంతం నిలబడి ఉండటం అంటే ఇదే.

అయితే ఇక్కడితో ఆపితే షెరిఫ్‌కు అన్యాయం చేసినవాళ్లమవుతాం. నాటకంలో రెండు చోట్ల ట్రాటర్ నవ్వులాటలోంచి బయటికి వస్తాడు. ఒకచోట కందకంలో గడపాల్సిన ఆరు రోజులకు 144 గంటలు లెక్కగట్టి, కాగితం మీద 144 సున్నాలు గీసుకుని, గంటకొక సున్నా నలుపు చేద్దామనుకుంటాడు. భయం లేనివాడు గంటలు లెక్కపెట్టడు గదా. ఇంకోచోట, నువ్వు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటావని స్టాన్‌హోప్ అంటే, నీకేం తెలుసు నా సంగతి అన్న అర్థం వచ్చేలా నిట్టూరుస్తాడు. ఒక్క ముక్క, అంతే. నాటకం ముందుకు పోతుంది. నా దృష్టిలో షెరిఫ్ తన గొంతుతో మాట్లాడింది ఆ ఒక్క ముక్కలోనే.

మసూరు స్టేషన్

ఇదంతా చదివి, చూశారా, తెల్లవాళ్లలోనూ కులం లాంటిది ఉంది, అన్నీ ఒకటే అనడం తేలిక. అట్లా అనకూడదు. షెరిఫ్ కథ పక్కన ఇంకో కుటుంబం కథ పెట్టి చూద్దాం. అది అదే బ్రిటిష్ సామ్రాజ్యం సైన్యంలో పనిచేసిన కుటుంబం.

బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. సుబేదారు అంటే భారతీయుడికి అందే పెద్ద హోదాల్లో ఒకటి, అయినా నిన్న వచ్చిన తెల్ల సెకండ్ లెఫ్టినెంట్ కంటే తక్కువ. రామ్‌జీ సైనిక పాఠశాలలో హెడ్మాస్టరుగా కూడా పనిచేశారు. రిటైరయ్యాక సతారా జిల్లా కోరేగావ్‌లో, కరువు పనుల కింద ప్రభుత్వం చెరువు తవ్విస్తున్న చోట క్యాషియరుగా కుదిరారు. షెరిఫ్ గుమాస్తా నుంచి ఆఫీసరు అయితే, ఈయన సైనిక హోదా నుంచి జమాఖర్చుల బల్ల దగ్గరికి వచ్చారు. 1901 ప్రాంతంలో పిల్లలు తండ్రిని చూడటానికి రైలెక్కి మసూరు స్టేషన్లో దిగిన సంగతి అంబేద్కర్ తన ఆత్మకథాత్మక రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు దయగా పలకరించాడు. ఎవరు మీరు అని అడిగాడు. మహర్లమని పిల్లవాడు చెప్పగానే ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునే షరతు మీద బయలుదేరారు. రాత్రంతా తాగడానికి నీళ్లు దొరకలేదు.

ఆ బల్ల వెనక అధికారి ముఖం, ఈ స్టేషన్ మాస్టరు ముఖం ఒకే తీరుగా మారాయి. అక్కడిదాకా పోలిక. తర్వాత దారులు వేరు. షెరిఫ్ యాస మార్చుకోవచ్చు, ఫోర్కు పట్టడం నేర్చుకోవచ్చు, తాత్కాలికంగానైనా పెద్దమనిషి కావచ్చు. అతనికి ఎవరూ మంచినీళ్లు కాదనలేదు. సుబేదారు పిల్లలకు తండ్రి హోదా గుక్కెడు నీళ్లు తెచ్చిపెట్టలేకపోయింది. వర్గం గడప దగ్గర ఆపుతుంది. కులం బావి దగ్గర కూడా ఆపుతుంది.

సైన్యం సంగతిలో మాత్రం సామ్రాజ్యం రెండుచోట్లా ఒకే సూత్రం నడిపింది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో తరాలుగా పనిచేసిన మహర్లను 1890లలో, యుద్ధజాతులు కారని చేర్చుకోవడం మానేశారు. గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో, శివరాం జానబా కాంబ్లే 1910లో అర్జీలు పెట్టారు. వినలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహర్ దళాన్ని లేపారు, 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధంలో 1941లో మహర్ రెజిమెంటు పుట్టింది. అది నిలిచింది, ఈనాటికీ ఉంది. 1943లో లేపిన చమార్ రెజిమెంటును మాత్రం 1946లో తీసేశారు. తెలుగువాళ్ల సంగతీ ఇంతే. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అన్నదే పేరు. మద్రాసు సైన్యం నుంచి పోయినవాళ్ల వల్ల వచ్చిన పేరది. 1880లలో మద్రాసుకూ, తర్వాత భారతదేశమంతటికీ సేనాపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. మద్రాసు పదాతి దళాలను తగ్గిస్తూ తగ్గిస్తూ 1928 నాటికి లేకుండా చేశారు. రెండో యుద్ధం రాగానే మద్రాసు రెజిమెంటును మళ్లీ లేపారు. శౌర్యం వచ్చిపోయేది కాదు. వచ్చిపోయింది అవసరం.

మనం అడగాల్సినవి

ఈ కథల నుంచి కార్యకర్తలకు, విద్యార్థులకు ఉపయోగపడే సంగతులు మూడు ఉన్నాయని నా అభిప్రాయం.

మొదటిది, ఎవరికైనా అర్హత లేదని చెప్పినప్పుడు ఆ జాబితా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడగాలి. 1914లో అర్హత లేని గుమాస్తా 1916లో అర్హుడయ్యాడు. ఈ రెండేళ్లలో మారింది గుమాస్తా కాదు.

రెండోది, తలుపు తెరవడం ఒక్కటే విజయం కాదు. అవసరం కొద్దీ తెరిచిన తలుపు అవసరం తీరాక మూసుకుంటుంది. అందుకే అంబేద్కర్ ప్రాతినిధ్యాన్ని పాలకుల దయకు వదలకుండా రాజ్యాంగంలో రాయించడానికి అంత పోరాడారు. రిజర్వేషన్‌ను 'తాత్కాలిక' ఏర్పాటు అని పదే పదే గుర్తుచేసేవాళ్ల నోట ఆ మాట వినపడినప్పుడల్లా తాత్కాలిక పెద్దమనుషులకు ఏమయిందో గుర్తు తెచ్చుకోవాలి.

మూడోది మన రాతలకు సంబంధించింది. షెరిఫ్ మంచి రచయిత, నిజాయితీపరుడు. తాను చదివిన చిన్న స్కూలును చివరిదాకా ప్రేమించాడు, దానికి ధనసహాయం చేశాడు. 1975లో చనిపోయేనాటికి లోకం ఇచ్చే గౌరవాలు చాలా చూశాడు. అయినా తన లాంటివాణ్ణి కథ మధ్యలో నిలబెట్టలేకపోయాడు. మన ఇళ్లల్లో సైన్యం నుంచి తిరిగొచ్చిన తాతలు, గుమాస్తా పనికి కుదిరిన మొదటి తరం తండ్రులు ఉన్నారు. వాళ్ల డిశ్చార్జి కాగితాలు ట్రంకు పెట్టెల్లో పడి ఉన్నాయి. వాటిని బయటికి తీయాలి, వాళ్లు బతికుండగానే కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి. రాసేటప్పుడు వాళ్లను ఎవరో పెద్దమనిషి కథలో పక్కపాత్రగా, తిండి గోల తప్ప ఏమీ తెలియనివాళ్లుగా రాయకుండా చూసుకోవాలి. ట్రాటర్ నిట్టూర్పు వెనక ఏముందో షెరిఫ్ రాయలేదు. మన ట్రాటర్ల కథ రాయాల్సింది మనమే.